ముందు కాలు తీసేసిన రాట్‌వైలర్‌ని ఎలా చూసుకోవాలి? కీమో చేయించాలా?

రాజమండ్రి నుంచి మీరు అడిగింది క్లుప్తంగా ఇదీ. రాకీ ఎనిమిదేళ్ళ రాట్‌వైలర్, 42 కిలోలు. ముందు ఎడమ కాలి మణికట్టు పైన వాపు వస్తే బెణుకు అనుకుని కొన్ని వారాలు మందులు వాడారు. తర్వాత ఎక్స్‌రే, సూది పరీక్షల్లో ఆస్టియోసార్కోమా, అంటే ఎముక క్యాన్సర్ అని తేలింది. భుజం నుంచి కాలు తీసేశారు, ఇవాళ ఆరో రోజు. రాత్రిళ్ళు మూలుగుతున్నాడు, సరిగ్గా తినడం లేదు, కుట్ల కింద మెత్తటి వాపు వచ్చింది, ఇంట్లో మార్బుల్ మీద జారిపోతున్నాడు. డాక్టరుగారు కీమో చేయిద్దాం అంటున్నారు. మీ అత్తగారేమో "ఉన్నన్నాళ్ళు ఉండనివ్వకుండా ఆ మూగజీవానికి ఎందుకీ నరకం" అంటున్నారు.

నేను కుక్కలకు, పిల్లులకు ఆపరేషన్లు చేసే పశువైద్యురాలిని. రాకీని చూడకుండా రాస్తున్నాను కాబట్టి మందుల మోతాదుల్లో మీ డాక్టరుగారి మాటే చెల్లుతుంది. మీరు రాసినవాటిలో చాలావరకు ఆరో రోజున మామూలుగా కనిపించేవే. రాత్రి మూలుగు ఒక్కటి మాత్రం అలా వదిలేయకండి, దాని గురించి రేపు పొద్దున్నే ఫోన్ చేయండి.

మీ ప్రశ్నలో రెండు వేర్వేరు సంగతులు ఒకదాంట్లో ఒకటి కలిసిపోయాయి. ఒకటి కాలు, రెండోది క్యాన్సర్. కాలు సంగతి ఇంకో మూడు నాలుగు వారాల్లో తేలిపోతుంది, దాదాపు ఎప్పుడూ మంచిగానే తేలుతుంది. క్యాన్సర్ సంగతి అంత త్వరగా తేలదు, దానికి నేనే కాదు ఎవరూ హామీ ఇవ్వలేరు. చాలా ఇళ్ళలో ఈ రెండూ కలిపేసుకుని, మొదటి పది రోజుల ఇబ్బంది చూసి "ఇక జీవితమంతా ఇంతే" అనుకుని కీమో వద్దనుకుంటారు. లేదా కుక్క మూడు కాళ్ళ మీద పరుగెత్తడం చూసి జబ్బు పోయిందనుకుని చెకప్‌లు మానేస్తారు. అందుకే వీటిని విడివిడిగా రాస్తాను.

అత్తగారికి చెప్పాల్సింది ఒకటుంది. ఆమె జాలిలో తప్పేం లేదు, కానీ నరకం ఆపరేషన్‌కు ముందే ఉంది. ఈ కణితి ఎముకను లోపలి నుంచి తినేస్తుంది. పైన పొర సాగి, లోపల ఎముక పలచబడి, అడుగు వేసిన ప్రతిసారీ నొప్పి. కుక్కలు నొప్పిని దాచుకోవడంలో దిట్టలు, అందుకే మనకు కుంటడం ఒక్కటే కనిపించి ఉంటుంది. ఇలాంటి ఎముక ఒక రోజు మంచం మీంచి దిగుతుండగానే విరిగిపోవచ్చు, విరిగితే మామూలు ఎముకలా అతుక్కోదు. కాలు తీయడం క్యాన్సర్ చికిత్సలో మొదటి మెట్టే, కానీ అంతకన్నా ముందు అది నొప్పికి చికిత్స. ఏ మాత్రకీ లొంగని నొప్పి కాలితోపాటే పోయింది. ఇప్పుడు రాకీకి ఉన్నది ఆపరేషన్ గాయం నొప్పి. అది రోజురోజుకీ తగ్గే రకం.

కాలు పోయిందని కుక్క కుంగిపోతుందని చాలామంది భయపడతారు. కుక్క అద్దంలో చూసుకుని బాధపడదు, ఎదురింటి కుక్క ఏమనుకుంటుందో అనుకోదు. మన వీధుల్లో బండి కింద పడి కాలు పోగొట్టుకున్న కుక్కలు వాటి అడ్డాను అవే కాపాడుకుంటూ, బైకుల వెంట పడుతూ బతకడం మీరూ చూసే ఉంటారు. రాకీ ఆపరేషన్‌కు ముందే కొన్ని వారాలుగా ఆ కాలు ఆనించకుండా నడిచి ఉంటాడు. అంటే మూడు కాళ్ళ నడక సగం అప్పటికే నేర్చుకున్నాడు.

ముందు కాలు పోవడం వెనక కాలు పోవడం కన్నా కొంచెం కష్టమన్న మాట మాత్రం నిజమే. నిలబడ్డ కుక్క బరువులో దాదాపు 60 శాతం ముందు కాళ్ళ మీదే ఉంటుంది. ఒకటి పోతే ఆ భారమంతా మిగిలిన దాని మీద పడుతుంది. అయినా పెద్ద కుక్కలు, బరువైన కుక్కలు కూడా సర్దుకుంటాయి. మిగతా మూడు కాళ్ళలో తీవ్రమైన తుంటి కీళ్ళ అరుగుదల, నరాల బలహీనత లాంటివి ఉంటేనే మేము కాలు తీయడానికి వెనకాడతాం. మీ డాక్టరుగారు అవి చూసుకునే ముందుకు వెళ్ళి ఉంటారు.

ఇక రాత్రి మూలుగు. మొదటి రెండు మూడు రోజుల్లో మూలిగితే, అరిస్తే చాలాసార్లు అది ఆసుపత్రిలో ఇచ్చిన మార్ఫిన్ తరహా మందుల మత్తు వదిలే గందరగోళం. ఆరో రోజున ఆ కారణం చెప్పుకోలేం. ఇప్పుడు మూలుగు, రొప్పడం, పడుకోలేక మాటిమాటికీ చోటు మారడం ఉంటే నొప్పి మందు చాలడం లేదని అర్థం. ఒక కాగితం మీద మందు ఇచ్చిన టైము, మూలుగు మొదలైన టైము రాయండి. ప్రతి రాత్రీ తర్వాతి డోసుకు గంటా రెండు గంటల ముందు మొదలవుతుంటే డోసుల మధ్య ఖాళీ ఎక్కువైనట్టే. ఆ కాగితం చూసి చెబితే డాక్టరుగారికి "బాగా ఏడుస్తున్నాడండీ" అన్న మాట కన్నా పది రెట్లు ఉపయోగం.

మామూలుగా ఈ దశలో రెండు మూడు రకాల మందులు కలిపి వాడతాం. మెలాక్సికామ్ లేదా కార్‌ప్రొఫెన్ లాంటి నొప్పి-వాపు మందు ఒకటి, నరాల నొప్పికి గాబాపెంటిన్. అవసరమైతే అమాంటడిన్ చేరుస్తాం. మీకు ఇచ్చింది ట్రామడాల్ మాత్ర ఒక్కటే అయితే తప్పకుండా మాట్లాడండి. మనుషులకు పనిచేసినట్టు నోటి ద్వారా ఇచ్చే ట్రామడాల్ కుక్కలకు పనిచేయదు. గాబాపెంటిన్ వల్ల కొంచెం మగతగా, తూలుతున్నట్టు ఉంటాడు, రెండు మూడు రోజుల్లో సర్దుకుంటుంది. నొప్పి తగ్గిందని మీ అంతట మీరు దాన్ని ఒక్కసారిగా ఆపేయకండి, మెల్లగా తగ్గిస్తూ రావాలి.

ఒక హెచ్చరిక, దీన్ని ఎన్నిసార్లు చెప్పినా తక్కువే. అర్ధరాత్రి కుక్క ఏడుస్తుంటే చూడలేక ఇంట్లో ఉన్న డైక్లోఫెనాక్, ఐబుప్రోఫెన్, పారాసిటమాల్ మాత్రలు వేయకండి. మొదటి రెండూ కుక్కకు కడుపులో పుండ్లు పడేలా చేస్తాయి, కిడ్నీలు దెబ్బతీస్తాయి. డాక్టరు ఇచ్చిన మెలాక్సికామ్ మీద ఇంకో నొప్పి మాత్ర గానీ, స్టెరాయిడ్ గానీ కలిస్తే ఇంకా ప్రమాదం. బెణుకు అనుకున్న రోజుల్లో ఎవరైనా ప్రెడ్నిసొలోన్, డెక్సామెథాసోన్ ఇచ్చి ఉంటే ఆ చీటీ కూడా డాక్టరుగారికి చూపించండి. మలం నల్లగా తారులా వచ్చినా, వాంతిలో రక్తం కనిపించినా మెలాక్సికామ్ ఆపి వెంటనే ఫోన్ చేయాలి.

నిద్రలో ఉన్నట్టుండి కేక వేసి లేచి, కాలు ఉన్న చోటు వైపు తిరిగి చూడటం, అక్కడి కండ అదరడం గమనించారా? లేని కాలు నొప్పి అని మనుషుల్లో చెబుతారు కదా, కుక్కల్లోనూ అలాంటిది ఉంటుందని నాబోటి వాళ్ళం నమ్ముతున్నాం. గాబాపెంటిన్, అమాంటడిన్ దానికీ ఉపయోగపడతాయి. ఫోన్‌లో ఒక వీడియో తీసి పెట్టుకోండి. ఆసుపత్రి బల్ల మీద ఏ కుక్కా ఇవి చేసి చూపించదు.

తిండి గురించి. ఆపరేషన్, యాంటీబయాటిక్స్, నొప్పి మందులు, ఇవన్నీ కలిసి ఆకలి చంపేస్తాయి. మొదటి మూడు నాలుగు రోజులు మలవిసర్జన కాకపోవడం కూడా మామూలే. పెరుగన్నం ఒక్కటే తింటున్నాడని రాశారు. కడుపు నిండుతుంది గానీ గాయం మానడానికి కావలసిన మాంసకృత్తులు అందులో చాలవు. ఎముకల్లేని ఉడికించిన చికెన్, గుడ్డు, ఉప్పు మసాలా లేని చికెన్ నీళ్ళు గోరువెచ్చగా, కొంచెం కొంచెంగా నాలుగైదుసార్లు పెట్టండి. వేడి చేస్తే వాసన వస్తుంది, వాసనకే సగం ఆకలి. ఉల్లి, వెల్లుల్లి తాళింపు వేసిన కూర రుచిగా ఉంటుందని కలపొద్దు, అవి కుక్క రక్తకణాలను పాడుచేస్తాయి. ద్రాక్ష, కిస్‌మిస్ కూడా వద్దు. చొంగ కారుస్తూ, తిండి వాసన చూసి మొహం తిప్పేస్తుంటే అది వికారం, దానికి మారోపిటాంట్ లాంటి మందులున్నాయి. ఒక రోజంతా ఏమీ ముట్టకపోతే ఆగకండి. ఖాళీ కడుపు మీద మెలాక్సికామ్ ఇవ్వొద్దు.

కుట్ల కింద వాపు. భుజంతో సహా తీసినప్పుడు లోపల పెద్ద ఖాళీ మిగులుతుంది, అక్కడ రక్తపు నీరు చేరుతుంది. దాన్ని సీరోమా అంటాం. మూడో రోజు నుంచి వారం లోపు కనిపిస్తుంది, బరువుకు కిందికి జారి ఛాతీ కింద వేలాడుతుంది. పొట్ట మీద, ఛాతీ మీద ఊదారంగు కమిలిన మచ్చలు కూడా వస్తాయి. చూడ్డానికి భయంకరంగా ఉన్నా రెండు మూడు వారాల్లో దానంతట అదే ఇంకిపోతుంది. సూదితో నీరు తీయమని పట్టుబట్టకండి, ప్రతి సూది పోటూ చీము పట్టడానికి ఒక దారి. డాక్టరుగారు సరే అంటే గోరువెచ్చటి గుడ్డతో రోజుకు మూడు నాలుగుసార్లు కాపడం పెట్టండి. ఆ చోటు ఎర్రబడి, ముట్టుకుంటే కాలుతూ, చెడు వాసన లేదా చీము వస్తూ ఉంటే మాత్రం అదే రోజు వెళ్ళాలి. పసుపు, కొబ్బరి నూనె, వేపాకు ముద్ద, ఏదీ కుట్ల మీద పెట్టొద్దు. వెనక కాలితో గోక్కోకుండా ఒక పాత టీ-షర్టు తొడగండి, మెడకు తొడిగే ప్లాస్టిక్ కోన్ ఉంటే ఇంకా మంచిది. కుట్లు విప్పేది పది నుంచి పద్నాలుగు రోజులకు. అప్పటిదాకా స్నానం లేదు.

ఇప్పుడు నన్నడిగితే మీ ఇంట్లో రాకీకి అసలు శత్రువు మార్బుల్. నాలుగు కాళ్ళ కుక్కే దాని మీద జారుతుంది. రెండుసార్లు బోర్లా పడ్డ కుక్క మూడోసారి లేవడానికే భయపడుతుంది, ఇంట్లోవాళ్ళు దాన్ని డిప్రెషన్ అనుకుంటారు. పడుకునే చోటు నుంచి నీళ్ళ గిన్నె దాకా, అక్కడి నుంచి బయటి గేటు దాకా ఒక దారి వేయండి. రబ్బరు మ్యాట్లు, యోగా మ్యాట్లు, కింద జారకుండా అతికించిన జంపఖానా, చివరికి గోనె సంచులైనా సరే. ఇల్లంతా పరవనక్కర్లేదు, తెగిపోకుండా ఒక్క దారి చాలు. వేళ్ళ మధ్య వెంట్రుకలు కత్తిరించండి, గోళ్ళు పొట్టిగా ఉంచండి. సాక్సులు తొడగకండి, ఇంకా జారతాయి.

లేపేటప్పుడు ముందు వైపు నుంచి లాగకండి. ఛాతీ కింద వెడల్పాటి టవల్ వేసి, కుట్లకు ఒరుసుకోకుండా చూసి, మీరు మోయకుండా పడిపోకుండా మాత్రమే పట్టుకోండి. కుట్లు విప్పాక పైన పిడి ఉన్న హార్నెస్ (ఒంటికి తొడిగే పట్టీ) కొంటే చాలా సుఖం. మెడ పట్టీకి తాడు కట్టి నడిపించడం ఇక వద్దు. రాకీ మగకుక్క కదా, మొదట్లో కాలెత్తి మూత్రం పోయబోయి పక్కకు ఒరిగిపోతాడు. కొన్నాళ్ళకు కాలెత్తకుండా ముందుకు వంగి పోయడం నేర్చుకుంటాడు, ఈలోగా ఆ టవల్ సాయం అక్కడ బాగా అవసరం. గిన్నెను నేల మీద కాకుండా ఛాతీ ఎత్తులో పెట్టండి, తల వంచితే బరువంతా ఆ ఒక్క ముందు కాలి మీద పడుతుంది.

నెమ్మదిగా నడవడం కన్నా వేగంగా గెంతుతూ పోవడమే మూడు కాళ్ళ కుక్కకు తేలిక. రాకీ గబగబా నాలుగు గెంతులు వేసి కూలబడితే కంగారు పడకండి. మొదటి రెండు వారాలు మూత్రం, మలానికి తప్ప నడక వద్దు. తర్వాత అయిదేసి నిమిషాలు రోజుకు మూడు నాలుగుసార్లు, రోడ్డు మీద కాదు, మట్టి మీదో గడ్డి మీదో. రాజమండ్రి ఎండలో తారు రోడ్డు మధ్యాహ్నం అరికాళ్ళను కాల్చేస్తుంది, మూడు పాదాల మీద ఆ బాధ ఇంకా ఎక్కువ. ముందు కాలు లేని కుక్కకు మెట్లు దిగడం కష్టం, ఎక్కడం అంత కాదు. కారులోంచి, మంచం మీంచి కిందికి దూకనివ్వకండి. దూకిన ప్రతిసారీ ఒంటరి మణికట్టు మీద దెబ్బ పడుతుంది. అది అరిగిపోతే ఇంకో కాలు లేదు.

అందుకే బరువు తగ్గించాలి. 42 కిలోలు రాట్‌వైలర్‌కు ఎక్కువేమీ కాకపోవచ్చు, కానీ తూకం కన్నా చెయ్యి నమ్మండి. పక్కటెముకల మీద అరచెయ్యి పెట్టి నొక్కకుండా నిమిరితే ఎముకలు తగలాలి. తగలకపోతే కుట్లు మానాక నెమ్మదిగా అన్నం, రొట్టె తగ్గించి మాంసం ఉంచండి. నెల దాటాక చిన్న కసరత్తులు మొదలుపెట్టొచ్చు. తిండి ముక్కను ముక్కు దగ్గర పట్టుకుని మెడను అటూ ఇటూ తిప్పించడం, మెత్తటి పరుపు మీద అర నిమిషం నిలబెట్టడం లాంటివి వీపు, పొట్ట కండలను గట్టిపరుస్తాయి. మాలిష్ కూడా మంచిదే, మిగిలిన భుజానికి, మెడకు. కృత్రిమ కాలు పెట్టించమని ఎవరైనా అంటే, అది తగిలించడానికి కాలి మొండి కొంత మిగలాలి. భుజం నుంచి తీసేశాక ఆ మాట లేదు, అవసరమూ లేదు.

కాలు సంగతి ఇంతే. ఇక క్యాన్సర్.

ఆస్టియోసార్కోమా కుక్కల్లో ఎముకకు వచ్చే క్యాన్సర్లలో అన్నిటికన్నా ఎక్కువగా కనిపించేది. రాట్‌వైలర్, గ్రేట్ డేన్, గ్రేహౌండ్, సెయింట్ బెర్నార్డ్ లాంటి పెద్ద జాతులకు ఎక్కువ. మణికట్టు పైన, భుజం దగ్గర, వెనక కాళ్ళలో మోకాలి చుట్టుపక్కల వస్తుంది. ఇది చదివే మిగతావాళ్ళు గుర్తుంచుకోండి: పెద్ద జాతి కుక్క రెండు వారాలు దాటి కుంటుతూ, ఈ చోట్లలో గట్టి వాపు ఉంటే కాల్షియం ఇంజెక్షన్లతో, నూనె మర్దనాతో కాలం గడపకుండా ఎక్స్‌రే తీయించండి. మనుషుల్లో ఇదే జబ్బు ఎక్కువగా ఎదిగే వయసు పిల్లలకు, ఎక్కువగా మోకాలి దగ్గరే వస్తుంది. రెండిటికీ అంత పోలిక ఉండబట్టే కుక్కల మీద జరిగే పరిశోధనను పిల్లల డాక్టర్లు కూడా గమనిస్తుంటారు.

దీనితో చిక్కేమిటంటే, జబ్బు బయటపడిన రోజున ఛాతీ ఎక్స్‌రేలో ఊపిరితిత్తులు శుభ్రంగా కనిపించినా, దాదాపు నూటికి తొంభై కుక్కల్లో కంటికి కనపడని క్యాన్సర్ కణాలు అప్పటికే అక్కడికి చేరి ఉంటాయి. అర సెంటీమీటరు దాటితే గానీ ఎక్స్‌రేలో గడ్డ తెలియదు. అందుకే కాలు తీసి ఊరుకుంటే సగం కుక్కలు నాలుగైదు నెలలు దాటవు. కాలు తీశాక కీమో కూడా ఇస్తే సగం కుక్కలు పది నుంచి పన్నెండు నెలల దాకా, ఆపైనా ఉంటాయి. రెండేళ్ళు దాటేవి అయిదింటిలో ఒకటి. ఈ లెక్కల్ని గడువు తేదీలుగా చదవకండి. సగం అంటే మిగతా సగం దానికన్నా ఎక్కువ కాలం ఉన్నాయని. రాకీ ఏ సగంలో పడతాడో ఇవాళ చెప్పలేం.

కొంత చెప్పగలిగేవి రెండున్నాయి. ఆపరేషన్‌కు ముందు రక్త పరీక్షలో ఆల్కలైన్ ఫాస్ఫటేజ్ అని ఒక అంకె ఉంటుంది. అది మామూలుగా ఉంటే మంచి సూచన, ఎక్కువగా ఉంటే జబ్బు త్వరగా తిరగబెట్టే అవకాశం ఎక్కువ. రెండోది, తీసేసిన కాలిలోని కణితి ముక్కను హిస్టోపాథాలజీకి, అంటే మైక్రోస్కోప్ కింద చూసే పరీక్షకు, పంపారా అని అడగండి. సూది పరీక్ష చాలాసార్లు సరిగ్గానే చెబుతుంది, కానీ కొన్ని కణితులు ఆస్టియోసార్కోమాలా కనిపించి కాండ్రోసార్కోమాగా, అంటే మృదులాస్థి క్యాన్సర్‌గా తేలతాయి. అది నెమ్మది రకం, దానికి కాలు తీయడమే సరిపోయి కుక్క ఏళ్ళ తరబడి ఉండొచ్చు. అప్పుడు కీమో ప్రశ్నే వేరుగా ఉంటుంది. వేలకు వేలు కీమో మీద పెట్టేముందు ఈ రిపోర్టు చేతిలో ఉండాలి.

కీమో అనగానే మీకు బంధువుల్లో ఎవరో గుర్తొచ్చి ఉంటారు. కుక్కలకు ఇచ్చేది ఆ స్థాయిలో కాదు. మనుషులకు జబ్బు పూర్తిగా పోగొట్టాలని ఎంత బాధకైనా సిద్ధపడి ఇస్తారు, కుక్కలకు ఉన్న కాలం బాగుండాలని ఇస్తాం, కాబట్టి మోతాదు కూడా దానికి తగ్గట్టే ఉంటుంది. ఎక్కువమంది వాడేది కార్బోప్లాటిన్. శరీర ఉపరితలం చదరపు మీటరుకు 300 మిల్లీగ్రాములు, మూడు వారాలకోసారి సెలైన్‌లో, నాలుగు నుంచి ఆరుసార్లు. రాకీ బరువుకు ఒక్కోసారి దాదాపు 350 మిల్లీగ్రాములు పడుతుంది. ఇది మనుషులకు వాడే మందే, 150, 450 మిల్లీగ్రాముల సీసాల్లో వస్తుంది. మనుషుల క్యాన్సర్ మందుల షాపులో రెండు మూడు కంపెనీల ధరలు అడిగి చూడండి, తేడా బాగా ఉంటుంది. కుట్లు విప్పే సమయానికి, అంటే రెండు వారాలకు మొదటిది మొదలుపెట్టడం మామూలు పద్ధతి. కూర్చోబెట్టి ఎక్కించేది గంట లోపే, సాయంత్రానికి ఇంటికి వచ్చేస్తాడు. రాట్‌వైలర్‌కు జుట్టు ఊడదు, ఆ బెడద పూడుల్, షీట్జూ లాంటి జుట్టు పెరుగుతూనే ఉండే జాతులకు.

మన ప్రాంతంలో కీమోకు ముందు చూసుకోవాల్సింది ఒకటుంది, విదేశీ వ్యాసాల్లో ఇది పెద్దగా కనపడదు. గోమార్ల వల్ల వచ్చే టిక్ ఫీవర్. దానికి కారణమైన ఎర్లీకియా అనే క్రిమి ఉన్న కుక్కకు ప్లేట్‌లెట్లు (రక్తం గడ్డకట్టించే కణాలు) ముందే తక్కువగా ఉంటాయి, పైకి ఏమీ తెలియకుండా నెలల తరబడి ఒంట్లో ఉంటుంది. దాని మీద కార్బోప్లాటిన్ పడితే ప్లేట్‌లెట్లు ఇంకా పడిపోతాయి, తర్వాత తప్పంతా కీమోదే అంటారు. మొదటి డోసుకు ముందే ఆ పరీక్ష చేయించండి, ఉంటే డాక్సీసైక్లిన్ కోర్సు పూర్తి చేయండి, గోమార్ల మందు నెల తప్పకుండా వాడండి. ప్రతి డోసుకు ముందు రక్త కణాల లెక్క తప్పనిసరి. ఆ రోజు కణాలు తక్కువుంటే వారం వాయిదా వేస్తారు, దానివల్ల నష్టమేం లేదు.

డోసు వేశాక రెండు నుంచి అయిదు రోజుల మధ్య వాంతులు, విరేచనాలు, ఆకలి తగ్గడం కనిపించొచ్చు. చాలా కుక్కలకు అవి ఒకటి రెండు రోజుల్లో పోతాయి, ఆసుపత్రిలో చేర్చాల్సినంత బాధపడేవి కొద్ది శాతమే. అసలు జాగ్రత్త వారం నుంచి రెండు వారాల మధ్య, తెల్లకణాలు బాగా తగ్గే రోజుల్లో. ఇంట్లో డిజిటల్ థర్మామీటర్ ఒకటి రాకీ కోసం విడిగా కొనండి. కుక్కకు 101 నుంచి 102.5 డిగ్రీల ఫారన్‌హీట్ మామూలే. 103 దాటి నీరసంగా ఉంటే పొద్దున దాకా ఆగొద్దు, అది ఎమర్జెన్సీ. ఆ రోజుల్లో పచ్చి మాంసం, పచ్చి గుడ్డు వద్దు. డోసు వేసిన మూడు రోజుల దాకా మూత్రం, మలం శుభ్రం చేసేటప్పుడు చేతులకు గ్లౌజులు వేసుకోండి. ఇంట్లో గర్భిణులు ఉంటే వాళ్ళు ఆ పని అసలు చేయకూడదు, చిన్నపిల్లల్ని ఆ చోటికి వెళ్ళనివ్వకూడదు.

కీమో అన్ని ఊళ్ళ క్లినిక్కుల్లోనూ ఇవ్వరు. మీకు దగ్గర్లో గన్నవరం పశువైద్య కళాశాల ఉంది, ఇంకా తిరుపతి, హైదరాబాద్ రాజేంద్రనగర్, చెన్నై వేపేరిలోని మద్రాస్ వెటర్నరీ కాలేజీ ఉన్నాయి. ముందు ఫోన్ చేసి కీమో ఇస్తున్నారా, ఏ రోజుల్లో చూస్తారు అని కనుక్కుని వెళ్ళండి. రిపోర్టులన్నీ ఒక ఫైలులో పెట్టుకోండి, ఎక్స్‌రేలు ఫోన్‌లో ఫోటో తీసినవి కాకుండా అసలు ఫైళ్ళు అడిగి తీసుకోండి.

డబ్బు గురించి మీరు అడగడానికి మొహమాటపడ్డారు, నేనే చెబుతాను. కీమో చేయించలేకపోతే మీరు రాకీకి అన్యాయం చేసినట్టు కాదు. కాలు తీయించడంతో అతని నొప్పి తీసేశారు, అది పెద్ద పని. అప్పు చేసి, ఇంట్లో గొడవలు పడి, ప్రతి డోసుకూ ఏడుస్తూ తీసుకెళ్ళడం కన్నా ఆ నాలుగైదు నెలలు హాయిగా గడపడం నా దృష్టిలో తక్కువ ఎంపిక కాదు. కానీ డబ్బు ఉండి, కుక్క ఆరోగ్యంగా ఉండి, "పాపం ఎందుకు బాధపెట్టడం" అన్న ఒక్క కారణంతో మానేద్దామనుకుంటే మాత్రం, ఒక డోసు ఇచ్చి చూడమంటాను. పడకపోతే ఆపేయొచ్చు, ఆరూ పూర్తి చేయాలని ఎక్కడా రాసి లేదు.

వాట్సాప్‌లో వచ్చేవాటి గురించి కూడా: లక్ష్మణ ఫలం, గోమూత్రం, పసుపు క్యాప్సూల్స్ ఈ క్యాన్సర్‌ను ఆపుతాయని రుజువు లేదు. కీమో జరుగుతుండగా మీ డాక్టరుకు చెప్పకుండా ఏ ఆకు రసమూ పోయకండి. పెద్ద పెద్ద ఆశలు రేపిన అసలు మందులు కూడా తేలిపోయిన జబ్బు ఇది. అమెరికాలో కార్బోప్లాటిన్‌కు సిరోలిమస్ అనే మందు జోడించి మూడు వందలకు పైగా కుక్కల మీద చేసిన పెద్ద ప్రయోగం ఫలితాలు 2021లో వచ్చాయి, జోడించినందువల్ల అదనపు లాభం కనపడలేదు.

రెండు మూడు నెలలకోసారి ఛాతీ ఎక్స్‌రే తీయించండి, కుడి, ఎడమ, వెల్లకిలా మూడు వైపుల నుంచీ. ఇంట్లో మీరు చూడాల్సింది నిద్రలో శ్వాస. గాఢంగా నిద్రపోతున్నప్పుడు నిమిషానికి ఎన్నిసార్లు పొట్ట లేస్తుందో వారానికోసారి లెక్కపెట్టి రాయండి. 30 లోపు ఉండాలి. అది పెరుగుతూ పోవడం, పొడిదగ్గు, తింటున్నా చిక్కిపోవడం, మిగిలిన మూడు కాళ్ళలో కొత్తగా కుంటు లేదా కింది భాగాల్లో గట్టి వాపు, ఇవి కనిపిస్తే తర్వాతి చెకప్ దాకా ఆగకండి.

ఊపిరితిత్తుల్లో గడ్డలు కనిపించాక కూడా చాలా కుక్కలు కొన్ని వారాలు, ఒక్కోసారి నెలలు ఏ బాధా తెలియకుండా తిరుగుతాయి. ఎక్స్‌రే చూసి ఆ రోజే నిర్ణయాలు తీసుకోకండి. కుక్కను చూసి తీసుకోండి. అమెరికన్ పశువైద్యురాలు డాక్టర్ ఆలిస్ విల్లాలోబోస్ తయారుచేసిన ఒక పట్టిక ఉంది: నొప్పి, ఆకలి, నీళ్ళు తాగడం, శుభ్రత, ఉత్సాహం, కదలిక, చెడు రోజుల కన్నా మంచి రోజులు ఎక్కువున్నాయా అనేది. ఒక్కోదానికి సున్నా నుంచి పది మార్కులు, మొత్తం 35 దాటితే ఇంకా బతుకు బాగున్నట్టు లెక్క. ఇంట్లో అందరూ విడివిడిగా మార్కులు వేసి పోల్చి చూడండి. అత్తగారు కూడా వేయాలి. ఎవరు ఎక్కడ భయపడుతున్నారో, ఎవరు చూసీ చూడనట్టు ఉంటున్నారో అప్పుడు బయటపడుతుంది. ఊపిరి పీల్చుకోవడానికే కష్టపడే దశ వచ్చిందంటే మాత్రం ఆ పట్టిక అవసరం లేదు, మిగతా మార్కులు ఎన్నున్నా సరే.

ఆ రోజు కోసం ఇప్పుడే, రాకీ బాగున్నప్పుడే, మీ డాక్టరుగారిని మూడు విషయాలు అడిగి పెట్టుకోండి: బాధ లేకుండా శాశ్వతంగా నిద్రపుచ్చే ఇంజెక్షన్ ఇవ్వడానికి ఇంటికి వస్తారా, రాత్రిపూటో ఆదివారమో అయితే ఎవరికి ఫోన్ చేయాలి, పూడ్చడానికి మీ ఊళ్ళో ఎక్కడ వీలుంటుంది. "మన చేతులతో చంపడమా" అని మీ ఇంట్లో ఎవరైనా అంటారు. ముందు మత్తు ఇచ్చి పూర్తిగా నిద్రపోయాకే రెండో ఇంజెక్షన్ ఇస్తారు, కుక్కకు తెలిసేది మొదటి సూది పోటు ఒక్కటే. ఇది కూడా ముందుగానే వాళ్ళకు డాక్టరుగారి నోటి నుంచి చెప్పించండి. మీరు చెబితే వాదన అవుతుంది, ఆయన చెబితే వింటారు.